సంఘసేవకుడు ఎవరి మనిషి?

ఎన్నికలొస్తే పలాసలోనైనా టెక్కలిలోనైనా ఫ్లెక్సీల మీద పేర్లకు ముందు ఒకటే బిరుదు: 'సంఘసేవకుడు'. ఏ సంఘం? ఎవరికి సేవ? ఈ ప్రశ్న ముస్లింలుగా మేమూ అడగాలి. ఇఫ్తార్ విందులో మా టోపీ పెట్టుకుని ఫొటో దిగే నాయకుణ్ని మేం ఏళ్లుగా ఎరుగుదుం. ఆ ఫొటోలో మేం మనుషులం కాదు, 'మైనారిటీ ఓటు'. ఉద్దానంలో డయాలిసిస్ రోగి గతీ అంతే. ప్రచార వేదిక మీద అతను కొబ్బరి రైతు కాదు, జీడితోట కూలీ కాదు. ఉత్త 'కిడ్నీ బాధితుడు'.

రోగాన్ని లోకానికి చూపించడం తప్పనడం లేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడాడు. 2023 డిసెంబర్ 14న జగన్ పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభించాడు. మంచిదే. కానీ మంచినీళ్లూ మందులూ పౌరుడి హక్కు. ఆ హక్కును దానంలా చేతికందించే మధ్యమనిషితోనే మా పేచీ.

2019 ఆగస్టు 15న వచ్చిన వాలంటీరు వ్యవస్థను చూడండి. సుమారు 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 గౌరవ వేతనం. మంచాన పడ్డవాళ్లకు పింఛను గడపకే చేరింది. కాదనలేం. అయితే ఏ ఇల్లు ఎటు మొగ్గుతుందో తెలిసిందీ ఆ వాలంటీరుకే. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాళ్లను పంపిణీ నుంచి తప్పించింది. ఏప్రిల్ ఎండలో పింఛను కోసం తిరిగింది ముసలివాళ్లు. వాళ్ల పేరు చెప్పి ఒకరినొకరు తిట్టుకున్నది పార్టీలు. 5,000కి పనిచేసిన కుర్రాణ్ని మేం తప్పుపట్టం. సేవకూ ప్రచారానికీ మధ్య గీత చెరిపినవాళ్లనే తప్పుపడతాం.

ఇదే తీరంలో ఇంకో రకం సేవా ఉంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులూ మత్స్యకారులూ తామే రిలే దీక్షల్లో కూర్చున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ప్లాంటు అనుమతి రద్దుచేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ తుపాకులు పేలాయి. ఆ దీక్షా శిబిరాల్లో జనం తమ మాట తామే మాట్లాడారు. వాళ్ల తరఫున ఫొటో దిగే మనిషి అవసరం రాలేదు.

మా మొహల్లాకొచ్చే సేవకుణ్నీ, ఉద్దానమొచ్చే సేవకుణ్నీ ఒకటే అడుగుదాం: ఓడిన మర్నాడు కూడా వస్తావా? నీకు ఓటెయ్యని ఇంటికీ పింఛను దరఖాస్తు రాసిపెడతావా? జవాబు చెప్పేదాకా మా టోపీ మా తలమీదే ఉంటుంది.