తమ్ముడి గడియారం

మా సిర్గాపూర్‌లో నీళ్లంటే నల్లవాగు ప్రాజెక్టే. సముద్రం ఎక్కడో, మనమెక్కడో. అయినా నీళ్లలో మునిగినా నడిచే గడియారమంటే నాకు ప్రాణం. అందులోనూ ట్యూడర్.

రోలెక్స్ పెట్టిన హాన్స్ విల్స్‌డార్ఫే 1946లో ట్యూడర్ కంపెనీనీ నిలబెట్టాడు. రోలెక్స్ అంత నమ్మకం ఉండాలి, ధర తగ్గాలి, అదీ ఆయన పట్టు. గజఈతగాళ్ల కోసం అన్న రోలెక్స్ చేసిన సబ్‌మెరైనర్ 1953లో వస్తే, తమ్ముడు ట్యూడర్‌ది 1954లో వచ్చింది. కేసు, తిప్పే కీ రోలెక్స్‌వే. లోపలి యంత్రం మాత్రం బయట కొన్నది. ధర తగ్గించింది అక్కడ, నీళ్లను ఆపే చోట కాదు. ఫ్రెంచి నౌకాదళపు గజఈతగాళ్లు ఏళ్లపాటు దాన్ని కట్టుకున్నారు. ఇంతకన్నా ఏ సర్టిఫికెట్ కావాలి? తక్కువ ధరంటే ఇప్పుడు మనకు లక్షల మాటే, అది వేరే సంగతి.

నీళ్లను ఆపే ఆ చోటును నారాయణఖేడ్‌లో కళ్లారా చూశాను. ఒక మెకానిక్ నా పాత వాచీ వెనుక మూత తిప్పి తీశాడు. లోపలి నల్ల రబ్బరు రింగును పట్టకారుతో పైకెత్తి వెలుతురులో చూపించాడు. వెంట్రుకంత పగులు.

"నీళ్లు జొర్రనీకి గింత సందు సాలు సార్."

కొత్త రింగుకు గ్రీజు రాసి, గాడిలో కూర్చోబెట్టి, చుట్టూ వేలికొసతో తడిమి చూసుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.