నల్లమల నడకకు మంచినీళ్లు

వేసవిలో సగిలేరునో గుండ్లకమ్మనో చూసి ఏరు ఎండిపోయిందనుకుంటాం. పైకి కనిపించేది ఇసుకే. మోచేతి లోతు తవ్వితే చాలాచోట్ల నీళ్లు ఊరతాయి. ఆ గుంటే చెలమ. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు గొర్రెల కాపరులకూ, తేనెకూ గడ్డలకూ నల్లమల అడవిలో తిరిగే చెంచులకూ తరతరాలుగా దాహం తీర్చింది ఈ చెలమలే. వీపున సంచి తగిలించుకుని కొండలెక్కే కుర్రాళ్లు ఇప్పుడు డబ్బు పోసి కొంటున్న గ్రావిటీ ఫిల్టర్ చేసే పనీ, చెలమ చేసే పనీ ఒకటే. నీటిని దాని బరువుతోనే సన్నటి సందుల్లోంచి నడిపించి మురికిని వెనక ఆపేయడం. పాతవాళ్లు పాటించిన వరస తెలిస్తే ఆ కొత్త పరికరాన్ని తేలిగ్గా, చవగ్గా, ఎక్కువకాలం మన్నేలా మనమే కట్టుకోవచ్చు.

చెలమ తీయడానికి ఒక పద్ధతి ఉంది. నిలవ మడుగు ఒడ్డునే తవ్వకూడదు. నాలుగడుగులు ఎడంగా, పశువులు దిగని వైపు, ఇసుక శుభ్రంగా ఉన్నచోట తవ్వాలి. మొదట ఊరిన నీళ్లు బురదబురదగా ఉంటాయి. వాటిని ముంతతో తోడి దూరంగా పారబోయాలి. రెండోసారి ఊరినవీ అంతే. ఆ తర్వాతి ఊటకు అడుగున ఇసుక రేణువులు విడివిడిగా కనిపించేంత తేటదనం వస్తుంది. అప్పుడు కూడా తొందరపడి చెయ్యి పెట్టకూడదు. ముంత అంచును నీటికి ఆనించి పైపైనే ముంచుకోవాలి. ఒక్కసారి అడుగు కదిలిందా, మళ్లీ తేరేదాకా కూర్చోవలసిందే.

ఇసుకకున్న ఈ గుణాన్ని పట్నాలు చాలా ఆలస్యంగా వాడుకున్నాయి. థేమ్స్ నీటిని ఇసుక పొరల గుండా దించి లండన్‌లో ఇళ్లకు ఇచ్చే ఏర్పాటును జేమ్స్ సింప్సన్ 1829లో చేశాడు. 1892లో కలరా హాంబర్గ్‌ను ఊడ్చేసినప్పుడు అదే ఎల్బ్ నది నీళ్లు తాగే పక్క ఊరు ఆల్టోనా చాలావరకు బతికి బయటపడింది. ఆల్టోనాలో నీటిని ఇసుకలో వడకట్టేవారు. హాంబర్గ్‌లో అప్పటికి ఆ ఏర్పాటు లేదు. అయితే అలాంటి పెద్ద ఇసుక పడకల్లో నీళ్లు గంటల తరబడి మెల్లగా దిగుతాయి. పైన పేరుకునే జిగట పొర క్రిములను పట్టేస్తుంది. అప్పటికప్పుడు తీసిన చెలమకు అంత శక్తి ఉందనుకోకూడదు. అది బురదను ఆపుతుంది, క్రిములను కొంత తగ్గిస్తుంది, అంతవరకే.

వానాకాలంలో వాగు ఎర్రగా పారుతుంటే చెలమ కుదరదు. అలాంటి నీళ్లకు చిల్లగింజ ఉంది. ఇండుప గింజ అన్నా ఇదే. గింజను మట్టికుండ లోపలి గోడకు తడిపి రుద్దుతారు. లేదంటే గరుకు రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని నీళ్లలో కలుపుతారు. బాగా తిప్పి కదపకుండా వదిలేస్తే మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగుతాయి. మునగ గింజల పొడికీ ఈ గుణం ఉంది. పటిక చేసేదీ ఈ పనే. ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణాలకు సంబంధించినది. చిల్లచెట్టుకూ విషపు ముష్టిచెట్టుకూ దగ్గరి చుట్టరికం. చిల్లగింజ పూసలా గుండ్రంగా ఉంటుంది. ముష్టిగింజ బిళ్లలా చదునుగా, బూడిదరంగు నూగుతో ఉంటుంది. తెలిసినవాళ్లు చూపించకుండా అడవిలో ఏరిన గింజను నీళ్లలో వేయవద్దు.

తర్వాతిది బట్ట. పాత నూలుచీర మడతల్లో నీళ్లు వడపోయడం మన ఇళ్లలో మామూలే. దాని విలువను బంగ్లాదేశ్‌లో లెక్కకట్టారు. రీటా కాల్వెల్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడపోసుకున్న ఊళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గింది. ఉతికి ఉతికి పోగులు విచ్చుకున్న పాతబట్టే ఇందుకు మేలు, కొత్తబట్ట అంత పనికిరాదు. మన దగ్గరి సాక్ష్యం ఇంకా గట్టిది. దిగుడుబావుల నీళ్లలోని సన్నటి నీటిపురుగుల ద్వారా ఒంట్లోకి చేరే నారికురుపు ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌నూ పీడించింది. నీళ్లను బట్టలో వడపోసుకోండని ఇంటింటికీ చెప్పడం ఆ జబ్బును తరిమిన పనుల్లో ముఖ్యమైనది. దేశంలో ఆఖరి కేసు 1996లో నమోదైంది. 2000లో భారత్‌కు నారికురుపు లేని దేశంగా గుర్తింపు వచ్చింది. దానికి టీకా లేదు, మందూ లేదు. గుడ్డముక్క చేసిన పని తక్కువది కాదు.

ఇక నీళ్లు మోయడం. దానికి సొరకాయ బుర్ర ఉంది. ముదిరిన సొరకాయను తీగమీదే ఎండనిచ్చి, తొడిమ దగ్గర బొక్క చేసి, లోపలి గుజ్జు వదులయ్యేదాకా నీళ్లు పోసి నానబెడతారు. గులకరాళ్లు వేసి గిలకొడితే గోడలకు అంటిన పీచూ గింజలూ ఊడివస్తాయి. చేదు పోయేదాకా నీళ్లు మార్చి, తాడుతో వల అల్లి భుజాన వేసుకుంటారు. రోజంతా నడిచేవాడికి పాత్ర బరువు ఎంత ముఖ్యమో సొరకాయ బుర్రను తయారుచేసినవాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు మన ఫిల్టర్ కడదాం. కొనవలసింది బోలు పోగుల ఫిల్టర్ ఒక్కటే. దీన్ని హాలో ఫైబర్ అంటారు. సన్నటి గొట్టాల్లాంటి పోగుల కట్ట అది. పోగుల గోడల్లో 0.1 మైక్రాన్ రంధ్రాలుంటాయి. బాక్టీరియా వాటిలో దూరలేదు. జియార్డియా లాంటివి 8 నుంచి 12 మైక్రాన్లు ఉంటాయి కనుక అసలే దూరలేవు. కూల్‌డ్రింక్ సీసా మూతిమరకు సరిపోయే రకం తీసుకోండి, వంద గ్రాములు కూడా ఉండదు. రెండు లీటర్ల ఖాళీ సీసా అడుగు కోసి, అంచుకు ఎదురెదురుగా చిల్లులు పెట్టి, తాడు కట్టి కొమ్మకు తలకిందులుగా వేలాడదీయాలి. కోసిన నోటికి నాలుగు మడతల పాతబట్ట బిగించాలి. కిందికి తిరిగిన మూతికి ఫిల్టర్, దాని కొసకు మీటరు గొట్టం. మేస్త్రీల లెవల్ పైపు చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ అది వద్దు. తాగునీటికి పనికొచ్చే సిలికాన్ గొట్టమే కావాలి. బట్ట, తాడుతో సహా అంతా కలిపి పావుకిలో దాటదు.

ధార వేగం ఎత్తును బట్టి ఉంటుంది. పై సీసాలో నీటి మట్టం నుంచి గొట్టం చివరిదాకా ఉన్న ఎత్తు రెట్టింపైతే ధారా దాదాపు రెట్టింపవుతుంది. ఇసుకలోంచి దిగే నీటి మీద హెన్రీ డార్సీ 1856లో తేల్చిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అయితే గొట్టం నిండా నీరుండాలి. మధ్యలో గాలి బుడగ చిక్కితే ధార చుక్కలవుతుంది. అప్పుడు శుభ్రమైన నీళ్లున్న మెత్తటి సీసాను గొట్టం కొసకు బిగించి, పైకెత్తి నొక్కాలి. నీళ్లు ఎదురెక్కి గాలినీ, పోగుల్లో ఇరుక్కున్న మట్టినీ వెనక్కి తోసేస్తాయి.

పాతవాళ్ల వరస అక్కరకొచ్చేది ఇక్కడే. ఎర్రనీళ్లను నేరుగా ఫిల్టర్‌లో పోస్తే పోగులు త్వరగా మూసుకుపోతాయి. ఏరు ఎండి ఉంటే ముందు చెలమ తీయండి, వాగు ఎర్రగా పారుతుంటే పటికో చిల్లగింజో వేసి తేర్చండి. తర్వాత బట్ట, ఆఖరున ఫిల్టర్. వైరస్‌లు ఈ రంధ్రాల కంటే చిన్నవి కావడం వల్ల వడకట్టిన నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగడం మంచిది. మరగబెట్టడం ఇంకా మంచిదే కానీ నల్లమలలాంటి పులుల అభయారణ్యంలో నిప్పు రాజేయకూడదు.

ఈ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను ఆపలేదు. కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతాల్లో బోరునీళ్లు ఎముకలను ఎలా వంచాయో తెలిసినవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీటిలో కరిగి ఉంటుంది, ఏ బట్టా ఏ పోగూ దాన్ని పట్టుకోలేవు. మరగబెడితే నీరు తగ్గి అది మరింత చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. సున్నం, పటిక కలిపి తీసే నల్లగొండ పద్ధతి, ఆర్‌ఓ యంత్రాలు దీనికి వేరే దారి. నడకకు బయలుదేరేముందు ఊళ్లో సీసాలు నింపుకునేటప్పుడు అవి ఏ నీళ్లో అడిగి నింపుకోండి.

నల్లమలలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. పొద్దు వాలేసరికి నీటి దగ్గరి నుంచి లేచిపోండి, అది జంతువులు వచ్చే వేళ. తోడిన చెలమలో చెత్త వేయకండి. మీ ఊరి వాగులో ఇసుక ట్రాక్టర్లకెత్తుతుంటే గ్రామసభలో లేచి అడగండి. ఇసుక పోయిన వాగులో చెలమ ఊరదు.