నిప్పురవ్వకు సందివ్వని ఇల్లు

2018 నవంబరు 8న ఉత్తర కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణం మీద కార్చిచ్చు పడింది. 85 మంది చనిపోయారు. పద్దెనిమిది వేలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత పైనుంచి తీసిన ఫొటోలు చూస్తే ఒక విడ్డూరం కంటబడుతుంది. ఇల్లున్న చోట బూడిద కుప్ప, అందులో ఒక పొగగొట్టం, కరిగిన కారు. పక్కనే పైన్ చెట్లు, చాలా వాటి కొమ్మల్లో పచ్చదనం చెక్కుచెదరకుండా. అడవిలోంచి వచ్చిన మంట చెట్టును వదిలేసి ఇంటిని ఎలా తినేసింది?

అమెరికా అటవీ శాఖ పరిశోధకుడు జాక్ కోహెన్‌ని ఈ ప్రశ్న అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే పట్టుకుంది. 2000లో న్యూమెక్సికో రాష్ట్రంలోని లాస్ అలమోస్‌లో ఇళ్ళు తగలబడినప్పుడూ ఆయన చూసింది ఇదే, కాలిన ఇంటి పక్కన కాలని చెట్టు. దానికి కొంచెం ముందు, 1990ల చివర, కెనడా వాయవ్య ప్రాంతాల్లో శాస్త్రవేత్తలు అడవి ముక్కలకు కావాలని నిప్పుపెట్టి మంట తీరును కొలిచారు. కోహెన్ ఆ అడవి అంచు నుంచి పది, ఇరవై, ముప్పై మీటర్ల దూరాల్లో చెక్క గోడలు నిలబెట్టాడు. చెట్ల తలల మీదుగా మంట ఉరుముతూ వచ్చింది. పది మీటర్ల దగ్గరున్న గోడలు కొన్నిసార్లు అంటుకున్నాయి, కొన్నిసార్లు మాడి ఊరుకున్నాయి. ఇరవై, ముప్పై మీటర్ల గోడల్లో ఒక్కటీ అంటుకోలేదు. అంత పెద్ద మంట కూడా ఒక చోట నిలిచేది ఇంచుమించు ఒక్క నిమిషం. దూరంగా ఉన్న మొద్దు చెక్క రాజుకోవడానికి ఆ నిమిషం చాలదు.

మరి ఇంటిని కాల్చేది ఎవరు? తాటాకు ఇళ్ళ వరుసలో ఒకటి అంటుకుంటే ఏమవుతుందో మన కోస్తా పల్లెల్లో పెరిగిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. గాలివాటున రవ్వలు లేచి, రెండిళ్ళు దాటి మూడో కప్పు మీద వాలతాయి. అందుకే జనం కాలుతున్న ఇంటిని దాని ఖర్మానికి వదిలేసి, ఇంకా కాలని ఇంటి కప్పు మీదికి బిందెలతో ఎక్కుతారు. కాలిఫోర్నియా కొండల్లోనూ అదే కథ. మంట ఇంకా మైలు దూరంలో ఉండగానే గాలి దాని రవ్వల్ని మోసుకొచ్చి ఇంటి మీద కుమ్మరిస్తుంది. తాటాకు కప్పు లేదు కాబట్టి అవి వెతుక్కోవాలి. ఎండుటాకుల మూల, తలుపు కింద సందు, అటకలోకి దారి.

ఈ వెతుకులాటను ముందే ఊహించి, ఒక్కొక్క దారీ మూసుకుంటూ పోయే పనితనం గురించే ఈ వ్యాసం. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పర్వతాల పాదాల్లో ఓక్, పైన్ చెట్లు కలిసి పెరిగే ఎర్రమట్టి కొండలున్నాయి. అక్కడ ఎకరం, రెండెకరాల స్థలంలో ఒంటరిగా నిలబడే ఇళ్ళు వేలకొద్దీ. వాటిలో బాగా సిద్ధం చేసిన ఇంటి ముందు నుంచుంటే మొదట ఏమీ కనిపించదు. మామూలు ఇల్లే. పనివాడి గొప్పతనం తెలియాలంటే నిప్పురవ్వ దిగే దారినే, పైనుంచి కిందికి, చూడాలి.

కప్పు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒకప్పటి దేవదారు చెక్క పలకల కప్పులు పోయి రేకులు, పెంకులు, తారు పలకలు (షింగిల్స్) వచ్చాయి, అవి నిప్పును తట్టుకుంటాయి. సున్నితమైన సంగతి ఒకటే. గుండ్రటి స్పానిష్ పెంకులు వేసిన ఇంట్లో చూరు దగ్గర ప్రతి పెంకు కింద అర్ధచంద్రాకారంలో ఒక ఖాళీ మిగులుతుంది. అందులో పిచ్చుకలు గూడు కడతాయి. పైన కాలని పెంకు, కింద ఎండుగడ్డి. మంచి పనివాడు ఆ నోళ్ళన్నీ ఒక్కొక్కటిగా సిమెంటుతో మూస్తాడు. కింద నుంచున్న వాళ్ళెవరూ దాన్ని చూడరు, మెచ్చుకోరు.

చూరు వెంబడి గట్టర్, అంటే కప్పు మీది నీళ్ళు పారే తొట్టి. అందులో పైన్ సూదులు నిండి ఉంటే పైన ఎంత గట్టి కప్పున్నా అంచు చెక్క అంటుకుంటుంది. ప్లాస్టిక్ గట్టరైతే కరిగి, మండుతూ గోడ మొదట్లో పడుతుంది. కాబట్టి లోహపు గట్టర్, దాని మీద మూత, అయినా ఎండాకాలం ముందు నిచ్చెన వేసుకుని ఒకసారి చేత్తో తీయడం. మూత అమ్మేవాళ్ళు ఈ చివరి మాట చెప్పరు.

ఇక ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, గాలి కన్నాలు, అంటే వెంట్లు. అటకలో తేమ చేరితే కప్పు చెక్క కుళ్ళిపోతుంది, కాబట్టి గాలి ఆడాలి. గాలి ఆడితే రవ్వ కూడా ఆడుతుంది. ఇంటికి ఊపిరి కావాలి, ఆ ఊపిరితిత్తుల్లోకి నిప్పు పోకూడదు. పాత ఇళ్ళలో ఈ వెంట్లకు పావంగుళం కన్నాల మెష్ ఉండేది, ఎలుకలు రాకుండా. రవ్వలకు అది తెరిచిన వాకిలే. తర్వాత అంగుళంలో ఎనిమిదో వంతు, ఆపైన పదహారో వంతు దాకా కన్నాలు చిన్నవయ్యాయి.

అంతటితో పని అయిపోయిందనుకుంటాం. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో కొందరు పరిశోధకులు రవ్వల్ని ఊదే యంత్రం ఒకటి తయారుచేశారు, దానికి డ్రాగన్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. జపాన్‌లోని త్సుకుబాలో ఉన్న గాలి సొరంగంలో మెష్ బిగించిన కన్నాల మీదికి దానితో రవ్వలు ఊదారు. మెష్ దగ్గర రవ్వ ఆగింది. కానీ ఆరిపోలేదు. తీగను అంటిపెట్టుకుని, అక్కడే కాలుతూ, కాలేకొద్దీ చిన్నదవుతూ, కన్నంలో పట్టేంత చిన్నదయ్యాక లోపలికి దూరింది. ఈ ఫలితం చదివినప్పుడు నాకు భయం కన్నా ముందు అబ్బురం కలిగింది. నిప్పుకు తొందర లేదు. మరీ సన్నటి మెష్ వేద్దామా అంటే దుమ్ము, సాలెగూడు, గోడకు వేసిన రంగు పట్టి కన్నాలు పూడుకుపోతాయి, ఇంటికి ఊపిరాడదు.

దీనికి పనివాళ్ళు కనిపెట్టిన జవాబులు రెండు. ఒకటి, గాలి తిన్నగా రాకుండా మెలికలు తిరిగి రావాల్సిన రేకుల అమరిక. గాలి చాలా తేలిక, మలుపు తిరుగుతుంది. రవ్వకు ఎంతో కొంత బరువుంది, తిరగలేక రేకుకు కొట్టుకుని కింద పడుతుంది. రెండోది ఇంకా ముచ్చటైనది. మెష్ వెనక తేనెపట్టు గదుల్లాంటి లోహపు జాలీ, దాని గోడలకు వేడి తగిలితే ఉబ్బే పూత. మామూలు రోజుల్లో గాలి హాయిగా ఆడుతుంది. మంట సోకగానే పూత పొంగి గదులన్నీ పూడ్చేస్తుంది. కరెంటు లేదు, మీట లేదు, ఇంట్లో మనిషి ఉండాల్సిన పనే లేదు. ఇంటివాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయిన తర్వాత తనంతట తాను కళ్ళు మూసుకునే వెంట్ అన్నమాట.

కిటికీ విషయంలో శత్రువు రవ్వ కాదు, వేడి. అద్దం నడిభాగం వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండిపోతుంది. ఆ తేడాకు అంచు దగ్గర చీలిక మొదలై అద్దం ఊడి పడుతుంది, ఆ ఖాళీలోంచి రవ్వలు సోఫా మీదికి వస్తాయి. అందుకే రెండు పొరల అద్దం, అందులో కనీసం ఒకటి వేడిచేసి గట్టిపరిచిన టెంపర్డ్ గ్లాస్. బయటిది పగిలినా లోపలిది కాసేపు నిలబడుతుంది. ఆ కాసేపే చాలు, మంట దాటిపోతుంది.

గోడ మొదలు దగ్గర గాలి సుడి తిరిగి రవ్వల్ని కుప్పగా పోస్తుంది. సౌత్ కరోలినాలోని రిచ్‌బర్గ్‌లో బీమా కంపెనీల పరీక్షాశాల ఒకటుంది. అక్కడ 105 పెద్ద ఫ్యాన్లు పెట్టి, నిండు ఇంటిని లోపల నిలబెట్టి, దాని మీదికి రవ్వల గాలి వదులుతారు. ఆ వీడియోల్లో గోడ వారగా రవ్వలు మేట వేయడం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మేటకు చెక్క అందకూడదు. నేలకూ గోడ పలకలకూ మధ్య ఆరంగుళాల కాంక్రీటు బయటికి కనిపించాలి.

ఆ గోడ నుంచి ఐదడుగుల దాకా ఉన్న పట్టీయే ఈ కథలో తగువులమారి. ఇంటి చుట్టూ వందడుగుల మేర పొదలు తగ్గించాలని, చెట్ల కింది కొమ్మలు కొట్టాలని కాలిఫోర్నియా చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది, జనమూ అలవాటు పడ్డారు. కానీ గోడను ఆనుకున్న ఐదడుగుల్లో ఏమీ ఉండకూడదంటే మనసొప్పదు. కిటికీ కింద గులాబీలు, గుమ్మం పక్కన మల్లె పందిరి, చెక్క పొట్టు పరిచిన పూలపాదు, కొబ్బరిపీచు కాళ్ళపట్టా, అన్నీ తీసేయాలి. వాటి చోట కంకర, రాళ్ళు, సిమెంటు పలకలు. 2020లో ఈ పట్టీ కోసం రాష్ట్రం చట్టం చేసింది, దాని నియమాలు రాయడానికి ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. పూలమొక్కల పక్షాన మాట్లాడిన వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. అయినా 2023 ఆగస్టులో హవాయిలోని లహైనా తగలబడినప్పుడు, చుట్టూ బూడిద మధ్య చెక్కుచెదరకుండా నిలిచిన ఎర్ర కప్పు ఇంటి ఫొటో చూశాక వాళ్ళతో వాదించడం తేలికైంది. చెక్కతో కట్టిన పాత ఇల్లది. దాని యజమానులు మరమ్మతుల్లో కప్పుకు మందపాటి రేకు వేశారు, గోడల చుట్టూ మొక్కలు తీసి చూరు నీళ్ళు పడే గీత దాకా గులకరాళ్ళు పోశారు. రాళ్ళు పోసింది మంటల కోసం కాదు, చెదల కోసం! అదృష్టం కూడా కలిసొచ్చి ఉంటుంది, కాదనను.

ఈ పట్టీలోకి చాటుగా వచ్చే చుట్టం చెక్క కంచె. నిప్పు దాని వెంబడి ఒత్తి మీద పాకినట్టు పాకి ఇంటిని చేరుతుంది. పనివాడు మొత్తం కంచె పీకడు. గోడను తాకే చివరి ఐదడుగులు మాత్రం తీసి అక్కడ ఇనప గేటు బిగిస్తాడు. తక్కువ ఖర్చుతో ఎక్కువ పని జరిగే చోటు ఇదే అని నా లెక్క. చెక్క అరుగు (డెక్) కింద దాచిన కట్టెల పేర్పును ముప్పై అడుగుల అవతలికి మార్చడం దీనికి సాటి వస్తుంది, దానికి పైసా ఖర్చు లేదు. గడ్డి కోయడానికీ ఒక పద్ధతుంది. పొద్దున్నే, మంచు తడి ఆరకముందే కోస్తారు. మధ్యాహ్నం ఎండలో యంత్రం బ్లేడు రాతికి తగిలిందంటే ఇల్లు కాపాడబోయి అడవికి నిప్పు పెట్టినట్టే.

ఇంత చేసి ఉంచిన ఇంట్లో, కొండ అవతల పొగ లేచిన రోజున మిగిలే పని కొద్దిసేపటిది. కిటికీలు మూస్తారు, పల్చటి పరదాలు తీసేస్తారు, సోఫాలను అద్దాలకు దూరంగా గది మధ్యకు లాగుతారు. వరండాలో దిండ్లు, కాళ్ళపట్టా లోపలికి. గ్యాస్ కట్టేస్తారు, ఏసీ ఆపేస్తారు. తోట గొట్టాలు కుళాయిలకు తగిలించి వదులుతారు. నీళ్ళు మాత్రం పారనివ్వరు, అందరూ తిప్పి వదిలేస్తే అగ్నిమాపక దళానికి ఒత్తిడి చాలదు. ఇంటి మూలకు నిచ్చెన ఆనించి పెడతారు. పట్టపగలైనా లైట్లన్నీ వేస్తారు, పొగచీకట్లో ఇల్లుందని దళానికి తెలియాలి. తలుపులు వేస్తారు గానీ తాళం వేయరు. ఆ రాత్రికి దొంగ కన్నా నిప్పే పెద్ద భయం.

గరాజ్ తలుపుకు విడిగా ఒక చరిత్ర ఉంది. 2017 అక్టోబరులో కాలిఫోర్నియాలో రేగిన మంటల్లో కరెంటు పోయి, బరువైన తలుపు చేత్తో ఎత్తలేక కొందరు కారుతో సహా లోపలే చిక్కుకుపోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టం ప్రకారం 2019 జూలై నుంచి కాలిఫోర్నియాలో అమ్మే ప్రతి గరాజ్ ఓపెనర్‌లో, అంటే తలుపు ఎత్తే యంత్రంలో, బ్యాటరీ ఉండాలి. కారును మాత్రం ముందుగానే రోడ్డు వైపు మొహం పెట్టి నిలపడం మంచిది. ఇదంతా మనుషులు త్వరగా వెళ్ళిపోవడానికి. ఇల్లు తన పోరాటం తాను చేసుకునేలా కట్టారు కాబట్టే వాళ్ళు వెళ్ళగలుగుతారు.

ఫలితం ఉందా? అడవి అంచున కట్టే కొత్త ఇళ్ళకు కాలిఫోర్నియా ప్రత్యేక నియమాలు పెట్టింది 2008లో. పారడైజ్ దగ్గర ఒక వార్తాసంస్థ లెక్క తీస్తే, ఆ నియమాల తర్వాత కట్టిన ఇళ్ళలో దాదాపు సగం దెబ్బతినకుండా మిగిలాయి. అంతకుముందు కట్టిన వాటిలో ఐదింట ఒకటి కూడా మిగల్లేదు. మిగతా సగం ఎందుకు కాలాయన్న ప్రశ్నకు ఒక ముఖ్యమైన జవాబు పొరుగిల్లు. అడవి మంట ఒక నిమిషంలో దాటిపోతుంది గానీ అంటుకున్న పక్కిల్లు గంటల తరబడి మండుతూనే ఉంటుంది. దాని వేడి ముందు రెండు పొరల అద్దమూ, ఉబ్బే పూతా ఎంతసేపు ఆగుతాయి? అందుకని ఆ కొండల్లో పక్కింటి చెక్క షెడ్డు, ఎదురింటి ఎండిన పొదలు కూడా ఈ పనిలో భాగమైపోయాయి. ఇరుగుపొరుగు కలిసి సంఘాలు పెట్టుకున్నారు. ఎండలు ముదరకముందే ఎవరి పొదలు వాళ్ళు కొట్టి కొమ్మల మొదళ్ళు దారివైపు తిప్పి రోడ్డు వారగా పేరుస్తారు. కొమ్మల్ని పొట్టు చేసే యంత్రం ఇంటింటి ముందూ ఆగుతూ వాటిని మింగుతూ పోతుంది.