ఈస్టరు గుర్తుల మూలాలు: హిస్లాప్ వాదనపై ఒక విమర్శ

ఈస్టరు అన్యుల పండుగ అనియు, బబులోను దేవత ఇష్తారు పేరే ఈస్టరుగా మారినదనియు చెప్పు బోధ మన సంఘాలలో వినబడుచున్నది. దీనికి విస్తృత ప్రచారం కల్పించినది స్కాట్లాండు సేవకుడు అలెగ్జాండర్ హిస్లాప్ వ్రాసిన ‘రెండు బబులోనులు’. 1853లో కరపత్రముగా వెలువడి, 1858లో విస్తరించిన ఈ గ్రంథ వాదనను ఎర్రగుంట్ల వంటి చోట సేవచేయు కాపరి దృష్టితో పరిశీలించుట అవసరము.

మొదటిది, పేరు. ఇష్తారు అక్కదు భాషా పదము. ఈస్టరు జర్మానిక్ పదము. ‘తూర్పు’ అను మాటకు దగ్గరిది. రెంటికిని ధ్వని పోలికే తప్ప బంధుత్వము లేదు. ఎయోస్ట్రె అను దేవతను బీడ్ ప్రస్తావించినది 725లో. కాగా రెండవ శతాబ్దములోనే సార్దీసు అధ్యక్షుడు మెలితో క్రైస్తవ పస్కాను గూర్చి ప్రసంగించెను. అపొ. కార్యములు 12:4లో కింగ్ జేమ్స్ తర్జుమా ‘ఈస్టరు’ అనగా, మన తెలుగు బైబిలు మూలమును అనుసరించి ‘పస్కా’ అనియే చెప్పుచున్నది.

రెండవది, గుర్తులు. మధ్యయుగ పశ్చిమ సంఘములో శ్రమదినాల ఉపవాసమందు గుడ్లు నిషిద్ధము. దాచిన గుడ్లు పండుగనాడు విందయ్యెను. గుడ్లు తెచ్చు కుందేలు 1682 నాటి జర్మను రచనలో కనబడును. ఇవి బబులోనునుండి వచ్చినవనుటకు ఆధారము లేదు, వాక్యాధారమును లేదు. కనుక కుందేలు బొమ్మ లేనందున మన పండుగకు లోటేమి? మార్చి 22 – ఏప్రిల్ 25 మధ్య వచ్చు ఈస్టరు ఐరోపాకు వసంతము, మనకు ఎండాకాలము. చిగుళ్లు పునరుత్థానమునకు రుజువు కావు. నాపరాళ్ల సీమలో పొర్లింపబడిన రాతిని గూర్చి వివరింపనక్కరలేదు.

హిస్లాప్ అడిగిన ప్రశ్న మంచిదే. పోలికను మూలముగా ఎంచుటయే ఆయన లోపము. ఆ కొలతతో చూచినయెడల, ఈస్టరు వేకువన సమాధులపై పూలుంచి కొవ్వొత్తులు వెలిగించు మన విశ్వాసులందరును పితృపూజకులే కావలెను! 1732లో హెర్న్‌హూట్‌లో మొరేవియన్ యౌవనులు వేకువనే సమాధుల తోటలో స్తుతిగీతములు పాడిరి. వారు చేసినదియు పితృపూజయేనా?

అక్కడ మృతులకు ప్రార్థించుచున్నయెడల సరిదిద్దవలెను. 1 కొరింథీ 15 నిరీక్షణను ఒప్పుకొనుచున్నయెడల అది సాక్ష్యము. భర్తను పోగొట్టుకొనిన విశ్వాసురాలి చేతిలోని కొవ్వొత్తిని ఆర్పకముందు, ఆమె దేనికొరకు ఎదురుచూచుచున్నదో కాపరి అడుగవలెను. దినములను గూర్చి రోమా 14 నేర్పు మెలకువ ఇదియే.