కార్డు చెప్పినంతే రాయాలి

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన మామూలు సిపాయి జాడ తీయాలంటే ముందు ఊరు తెలియాలి. పేరొక్కటే పట్టుకుంటే దారి తప్పుతాం. రెజిమెంటులో అదే పేరున్నవాళ్లు నలుగురుంటారు, గుమాస్తా మారితే స్పెల్లింగూ మారుతుంది. 1860 జనాభా లెక్కల్లో అతని కౌంటీ చూసుకుని, అక్కడివాళ్లు ఏ కంపెనీలో చేరారో తేల్చుకున్నాకే అసలు వెతుకులాట.

దక్షిణాది సైన్యపు దస్త్రాలు మిగలడమే విశేషం. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది రాజధాని రిచ్మండ్ తగలబడినప్పుడు చాలా కాగితాలు కాలిపోయాయి. దక్షిణాది సైన్యపు అడ్జుటెంట్ జనరల్ శామ్యూల్ కూపర్ వెంట తీసుకెళ్లినవి మాత్రం నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉత్తరాది సైన్యానికి అప్పగించారు. 1903 నుంచి వాషింగ్టన్‌లో యుద్ధశాఖ గుమాస్తాలు మస్టర్లు, ఆస్పత్రి రిజిస్టర్లు, ఖైదీల జాబితాలు వెతికి, దొరికిన ప్రతి పద్దునూ కార్డుకెక్కించి సిపాయికో కవరు కట్టారు. అవి ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

మస్టరు కార్డులో ఉండేది కొంచెమే. రెజిమెంటు, పేరు, ఏ నెలల మస్టరు, హాజరా గైర్హాజరా, చివరి జీతం ఏ తేదీదాకా అందింది. 'గైర్హాజరు' అని కనబడగానే పారిపోయాడని అనేయకూడదు. తర్వాతి కార్డులో అతను రిచ్మండ్‌లోని చింబొరాజో ఆస్పత్రిలోనో, మేరీలాండ్‌లోని పాయింట్ లుకౌట్ ఖైదీల శిబిరంలోనో తేలవచ్చు. కొన్ని విధేయతా ప్రమాణ పత్రాల్లో ఎత్తు, కళ్ల రంగు కూడా ఉంటాయి. ఫొటో లేని మనిషి రూపురేఖలు అక్కడ దొరకడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఇక పింఛను ఇచ్చింది రాష్ట్రాలు, అదీ ముసలితనంలో అతనున్న రాష్ట్రం. జార్జియా సిపాయి టెక్సస్‌కు వలసపోయి ఉంటే దరఖాస్తు ఆస్టిన్‌లో వెతకాలి.

నన్ను ఎక్కువగా కలచివేసేవి దక్షిణాది ప్రభుత్వపు మరో రకం పట్టీలు. కోటలు కట్టడానికీ కందకాలు తవ్వడానికీ తీసుకెళ్లిన బానిసల పేర్లు, పనిచేసిన రోజులు, కూలి మొత్తం అందులో ఉంటాయి. ఆ కూలి పుచ్చుకున్నది మాత్రం యజమాని. బానిసత్వాన్ని నిలబెట్టడానికి పుట్టిన ప్రభుత్వానికి ఆ సిపాయి పనిచేశాడన్న నిజం కవరు విప్పేవాళ్లు మరవకూడదు.

పూర్వీకుల జాడ తీసే ప్రతివారికీ నా మనవి ఒక్కటే. కార్డు చెప్పింది రాయండి, చెప్పనిచోట ఖాళీ వదలండి. ఆ ఖాళీని వీరగాథతో గానీ నిందతో గానీ పూరించే హక్కు మనకు లేదు.