కీబోర్డు దిద్దిన తెలుగు

ఈ మధ్య కొత్త కథలు చదువుతుంటే నాకో అనుమానం పట్టుకుంది. పాత్రలు వేరు, ఊళ్లు వేరు, బతుకులు వేరు. మాట మాత్రం ఒక్కలాగే ఉంటోంది. ఆదిలాబాద్ కుర్రాడూ, మదనపల్లె అమ్మాయీ ఒకే తెలుగులో పోట్లాడుకుంటారు. పోనీ రచయితలకి యాస రాదా అంటే, వాళ్లతో కూర్చుని టీ తాగితే తెలిసిపోతుంది, బ్రహ్మాండంగా వస్తుంది. మరి నోటికీ కథకీ మధ్య ఏం జరుగుతోంది?

ఆ మధ్యలో ఫోనుంది. అందులో కీబోర్డుంది. పుస్తకాల మీద, సినిమాల మీద, ఓటీటీ సిరీస్‌ల మీద పేజీలకి పేజీలు రాసుకుంటాం. మన వాక్యాన్ని అందరికంటే ముందు చూసే ఈ కీబోర్డు గురించి మాత్రం సాహిత్యంలో పెద్దగా మాట్లాడుకోం. అందుకే ఈ సమీక్ష దాని మీద.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టడం కొత్త సంగతేం కాదు. కంప్యూటర్ల మీద ఆర్‌టీఎస్ పద్ధతి ఉండేది. వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’ దాంతోనే చాలామందికి తెలుగు రాయడం అలవాటు చేసింది. అక్కడ లెక్క కచ్చితం: చిన్నబడి ‘ఎల్’ కొడితే ల, పెద్దబడి ‘ఎల్’ కొడితే ళ. కలకీ కళకీ ఉన్న తేడా మీ వేలికి తెలిసుండాలి. నేర్చుకోడానికి కొంచెం కష్టమే, కానీ మీరు కొట్టిందే పడుతుంది. తప్పో ఒప్పో, మీ సొంతం.

ఫోన్ ఆ కష్టాన్ని తీసేసింది. చిన్నబడి, పెద్దబడి గొడవ లేదు. మీరు ఉజ్జాయింపుగా ఏదో కొడితే కల, కళ, కాల, కాలా అని పైన వరసగా పేర్చి పెడుతుంది. మీరు ఏరుకోవాలి. ఇది తెచ్చిన మేలు చిన్నదేం కాదు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే ఓపిక లేనివాళ్లు, అను ఫాంట్ల కోసం డీటీపీ షాపుల చుట్టూ తిరగలేనివాళ్లు ఇవాళ మెట్రోలో నిలబడి కథ రాసేస్తున్నారు. అలా వచ్చిన రచయితల్లో కొందరు లేకపోతే మన సాహిత్యం ఇంకా ఇరుగ్గా ఉండేది. ఆ మాట ముందే ఒప్పేసుకుందాం.

చిక్కల్లా ఆ వరస దగ్గరే. ఏ మాట ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి? యంత్రానికి ఎక్కువసార్లు కనబడిన మాటకే ముందు సీటు. రాతలో ఎక్కువగా కనబడేది పత్రికల తెలుగు, పాఠ్యపుస్తకాల తెలుగు. నా ఫోన్‌లో కొన్ని మాటలు కొట్టి చూశాను. ‘వచ్చాడు’ సగం కొట్టేలోపే ప్రత్యక్షమైంది. ‘అచ్చిండు’ కోసం వరస చివరిదాకా వెతుక్కున్నాను. ‘వస్తాండాడు’ అడిగితే ‘వస్తాడు’ తీసుకోమంది. ‘ఎల్లిపోనాడు’ని ‘వెళ్లిపోయాడు’ చెయ్యడానికి తెగ ఉబలాటపడింది. వద్దని ఎక్కడా అనదు, ఎర్రగీత కూడా పెట్టదు. పక్కనే సిద్ధంగా ఇంకో మాట పెడుతుంది, అంతే. రాత్రి పదకొండింటికి, కథ సగంలో ఉన్నప్పుడు, వేలు దగ్గరున్న మాట మీదే పడుతుంది.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడినప్పుడు ఎదురుగా జయంతి రామయ్య పంతులు లాంటి మనుషులున్నారు. వాదనకి వాదన ఉంది. ఆ పోరాటం గెలిచాక రాతలో స్థిరపడింది ప్రధానంగా చదువుకున్నవాళ్ల వాడుక. మిగతా ప్రాంతాల, కులాల మాటలు రాతలోకి రావడానికి ఇంకో పోరాటం కావాల్సొచ్చింది. రావిశాస్త్రి సారా కథల్లో విశాఖ మాట, నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు పల్లె మాట అలా నిలబడ్డవే. వాళ్ల కాలంలో చేతిరాత ప్రతిని కంపోజిటర్ అక్షరం అక్షరం పేర్చేవాడు. ప్రూఫ్ రీడర్ ‘దిద్దితే’ పోట్లాడొచ్చు, ‘ఉన్నది ఉన్నట్టు వెయ్యండి బాబూ’ అని పక్కన రాయొచ్చు. ఇప్పుడు దిద్దుబాటు ప్రూఫులో జరగడం లేదు, మొదటి ప్రతి పుడుతున్నప్పుడే జరుగుతోంది. పోట్లాడ్డానికి ఎదురుగా ఎవరూ లేరు.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? ఒక్క ‘జ్ఞా’తో ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కూలిపోయాయి. ‘జ్ఞ’కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు దూరితే యంత్రం తట్టుకోలేకపోయింది. ‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపే గుర్తు కూడా అదే. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది, కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి సమస్య తీరింది. ఫోన్ ఆగిపోయింది కాబట్టే పట్టించుకున్నారు. కథలోంచి ‘అచ్చిండు’ పోతే ఏ ఫోనూ ఆగదు. పాఠకుడికీ తెలీదు. కొన్నాళ్లకి రాసినవాళ్లకే గుర్తుండదు. పైగా ఇవాళ మనం ఏరుకున్న ‘వచ్చాడు’ నెట్‌లోకెళ్లి, రేపటి కీబోర్డుకి తెలుగంటే ఇదేనని ఇంకో సాక్ష్యమవుతుంది.

ఫోన్ పారేసి పెన్ను పట్టమని నేననను. నా మట్టుకు ఇది కూడా ఫోన్లోనే రాశాను. కానీ చాలా కీబోర్డులకి మొండివాళ్లంటే కాస్త భయం: అదే మాట నాలుగుసార్లు కొడితే నేర్చుకుంటాయి, సొంత నిఘంటువులో చేర్చుకునే వీలూ ఇస్తాయి. మీ అమ్మమ్మ మాటలు ఓ యాభై అందులో ఎక్కించడానికి ఒక సాయంత్రం చాలు. సంభాషణలు ముందు వాయిస్ రికార్డర్‌లో పలికి, ఆ తర్వాత విని రాసుకోవచ్చు. పత్రికల ఎడిటర్లు కూడా ‘ఈ పాత్ర నిజంగా ఇలాగే మాట్లాడుతుందా?’ అని రచయితకి ఒక్క మెయిల్ పెడితే బాగుంటుంది. సమీక్షకులం మనం కూడా కథలో భాష ‘సాఫీగా ఉంది’ అని మెచ్చుకునే ముందు, ఆ సాఫీ రచయితదా, కీబోర్డుదా అని ఓసారి చూసుకోవాలి.