పసుపు టోపీ ముస్తఫా

"అన్నా, ముస్తఫా ఖాళీయా?"

మా ఊరి బస్టాండు ఎదురు సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. లోపలికి తొంగి చూడకుండా గుమ్మంలోంచే అడిగే ప్రశ్న ఇది. కిటికీకి అట్టముక్క కొట్టేసిన గది, నాలుగు పెట్టెలు, స్క్రీన్ల వెలుగు తప్ప వేరే దీపం లేదు. మిగతా మూడు పెట్టెల దగ్గర ఎప్పుడు వెళ్లినా చోటుండేది. ముస్తఫా దగ్గర మాత్రం ఆడేవాళ్లు ఇద్దరైతే చూసేవాళ్లు పదిమంది. అద్దం అంచున రూపాయి బిళ్లలు వరసగా పేర్చి ఉండేవి. ఎవరి బిళ్ల ఎన్నోది అయితే వాళ్ల వంతు అన్నోది. ఆ వరస తప్పించి ఎవడైనా బిళ్ల ముందుకు జరిపాడంటే, స్క్రీన్ మీద జరిగే కొట్లాట ఇవతలికి వచ్చేసేది.

ముస్తఫా అనేది ఆట పేరు కాదు, అందులో మనం ఎంచుకోగలిగే నలుగురిలో ఒకడి పేరు. పసుపు టోపీ పెట్టుకున్నవాడు. అయినా దేశంలో చాలా ఊళ్లలో ఈ ఆటను ఆ పేరుతోనే పిలిచారు. పైగా 1996లో ప్రేమదేశం వచ్చి ముస్తఫా పాట ఊరంతా మోగింది. ఇక మా షాపులో ఎవడు బాస్‌ను పడగొట్టినా వెనక నిలబడ్డవాళ్లు ఆ పాటే అందుకునేవారు. పెట్టె మీద అసలు పేరు ఇంగ్లీషులో రాసే ఉండి ఉంటుంది. చదివినవాళ్లు లేరు.

అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్‌లోని క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. దానికి మూలం మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ 1987 నుంచి గీసిన జెనోజోయిక్ టేల్స్ అనే నలుపు తెలుపు కామిక్. భూమి పాడైపోతే మనుషులు కొన్ని వందల ఏళ్లు నేల కింద దాక్కుంటారు. పైకి వచ్చేసరికి డైనోసార్లు తిరిగి వచ్చి ఉంటాయి. జాక్ టెన్రెక్ అనే మెకానిక్ పాత క్యాడిలాక్ కార్లను బాగుచేసి నడుపుతుంటాడు. పెట్రోలు లేదు కాబట్టి ఆ కార్లు డైనోసార్ పేడతో నడుస్తాయి. గోబర్ గ్యాస్ తెలిసిన మనకు ఇందులో పెద్ద వింతేమీ కనిపించదు. కథలో ముస్తఫా కైరో జాక్‌కు స్నేహితుడు, ఇంజినీరు. హానా డండీ, మెస్ ఓబ్రడోవిచ్ మిగతా ఇద్దరు.

కథ ఇంతే. ఆడినవాళ్లలో నూటికి తొంభైమందికి ఇది కూడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. నేను చెప్పదలచుకున్నది ఆ అవసరం రాకుండా చేసిన పనితనం గురించి.

ముందు ఒక గుద్దును చూద్దాం. బటన్ నొక్కితే ముస్తఫా చెయ్యి ముందుకు వెళ్తుంది, ఎదుటివాడి దవడకు తగులుతుంది. తగిలిన ఆ క్షణంలో కొట్టినవాడూ తిన్నవాడూ ఇద్దరూ బిగుసుకుపోతారు. రెప్పపాటులో సగం కూడా ఉండదు. ఆ తర్వాతే వాడి తల వెనక్కి వాలుతుంది. ఈ ఆగడాన్ని తీసేసి చూడండి, చెయ్యి గాలిలో ఊపినట్టే ఉంటుంది. మన తోలుబొమ్మలాటలో యుద్ధం వస్తే తెర వెనక చెక్కల మీద ధనధనా తొక్కుతారు. తోలుకు బరువుండదు, ఆ చప్పుడే దానికి బరువు తెస్తుంది. ఇక్కడ ఆ పని చేసేది చిన్న విరామం. అదే బటన్ వరసగా నొక్కుతూ పోతే ఒకటి, రెండు, మూడు దెబ్బలు పడి, ఆఖరిది ఎదుటివాణ్ని ఎగరేసి పడేస్తుంది. ఆ ఆఖరిది పడకముందే ఆగి, దగ్గరికి జరిగి వాణ్ని పట్టుకుంటే, ఎత్తి విసరొచ్చు. విసిరిన మనిషి మిగతావాళ్లకు తగిలి వాళ్లూ పడతారు. స్టిక్కూ రెండు బటన్లూ తప్ప చేతిలో ఇంకేమీ లేదు. ఒక బటన్ కొట్టడానికి, ఒకటి ఎగరడానికి. ఈ కాస్తతోనే ఏ సందర్భంలో ఏ దెబ్బ అన్న వ్యాకరణం మొత్తం కట్టారు. దాన్ని మాకు నేర్పినవాళ్లు లేరు, పక్కవాడి వేళ్లు చూసి వచ్చేసింది.

రెండోది నేల. స్క్రీన్‌కు లోతు లేదు, కానీ నేలకు ఉంది. స్టిక్ పైకి తోస్తే ముస్తఫా గోడ వైపు నడుస్తాడు, కిందికి లాగితే మన వైపు వస్తాడు. ఎదుటివాడు మనం ఉన్న వరసలో ఉంటేనే దెబ్బ తగులుతుంది. ఒక వరస పక్కకు తప్పుకుంటే వాడి కత్తి మన పక్కనుంచి పోతుంది. ఇది తెలియనివాడు ఎదురుగా వెళ్లి ఎదురుగా చచ్చేవాడు. తెలిసినవాడు ఏటవాలుగా వెళ్లి, ఆఖరి అడుగులో వరసలోకి దిగి కొట్టేవాడు. మా షాపులో మంచి ఆటగాడెవడో తెలుసుకోవడానికి స్కోరు చూడక్కర్లేదు. వాడి ముస్తఫా తిన్నగా నడుస్తున్నాడా, వంకరగా నడుస్తున్నాడా అన్నది చూస్తే చాలు.

శత్రువుల నడవడి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒకడు ఎదురుగా వస్తుంటే ఇంకొకడు చుట్టూ తిరిగి వెనక్కి చేరతాడు. అలాగని ఐదారుగురు చుట్టుముట్టినా అందరూ ఒకేసారి మీద పడరు. మన సినిమాల్లో రౌడీలు వంతులవారీగా వచ్చి తన్నులు తింటారని నవ్వుకుంటాం. అదే పద్ధతి ఇక్కడ ఆటగాడికి దక్కే న్యాయం. ఒక్క క్షణం సందు దొరుకుతుంది, ఆ సందులో ఎటు తిరగాలో మనం తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే రెండు బటన్లూ కలిపి నొక్కాలి. ముస్తఫా చుట్టూ ఉన్నవాళ్లందరినీ ఒక్క విసురుతో పడేస్తాడు, కానీ ఆ దెబ్బకు మన ప్రాణంలోంచే కొంత ఖర్చవుతుంది. జేబులో ఇంకో రూపాయి లేని పన్నెండేళ్లవాడు ఆ కాస్త ప్రాణాన్ని ఎంత పొదుపుగా వాడేవాడో చూడాలి.

దెబ్బ తిన్నవాడి పేరూ ప్రాణం పట్టీ తెర మీద కనిపిస్తాయి. ఫెరిస్, డ్రైవర్, ఇలా. ఒకే బొమ్మకు చొక్కా రంగు మార్చి, పేరు మార్చి, బలం మార్చి మళ్లీ పంపుతారు. ఇది పిసినారితనమే. ఆటను నడిపే సర్క్యూట్ బోర్డులో ఒక బొమ్మకు ఒకసారి దొరికేవి పదిహేను రంగులు, పారదర్శకానికి ఒకటి పోగా. బొమ్మలు దాచుకునే చోటు కూడా కొలిచి ఇచ్చిందే. కానీ ఆ పిసినారితనాన్ని పాఠంగా మార్చారు. రంగు చూడగానే వీడు ఎన్ని దెబ్బలకు పడతాడో తెలిసిపోతుంది. టెర్‌హ్యూన్ అనే దొంగల కుటుంబంలో అన్నదమ్ముల పేర్లు హామర్, రెంచ్, వైస్. మెకానిక్ కథకు పనిముట్ల పేర్లున్న దొంగలు! ఈ చమత్కారం మాకు అప్పుడు తెలియదు. మేం మా పేర్లు మేం పెట్టుకున్నాం: కత్తోడు, గుండోడు, దున్నపోతు.

డైనోసార్ల దగ్గర ఈ ఆట తన తోటి ఆటల కంటే ఒక మెట్టు పైన నిలబడుతుంది. ఇందులో అవి శత్రువులు కావు. వాటిని వేటాడేవాళ్లు శత్రువులు. రెచ్చిపోయిన జంతువుకు మాత్రం మంచీ చెడూ ఉండవు, అడ్డమొచ్చినవాణ్ని కొడుతుంది. దాన్ని వేటగాళ్ల గుంపు మీదికి మళ్లించి, గోడవారన నిలబడి చూడటంలో ఉన్న ఆనందం వేరు. మూడో స్టేజీలో కారు ఇస్తారు. అంతదాకా ఒక్కొక్కణ్ని చెమటోడ్చి పడగొట్టినవాళ్లం, అక్కడ క్యాడిలాక్ ఎక్కి అందరినీ గుద్దుకుంటూ పోవచ్చు. ఆ కారు ఇంకాసేపు ఉంటే విసుగొచ్చేది. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు చేసిన పని అది.

లోపాలు లేవనను. మొత్తం ఎనిమిది స్టేజీలు. ఐదు దాటాక ఆటకు రూపాయి మీద కన్ను పడుతుంది. బాస్‌ల ప్రాణం అంతకంతకూ పెరుగుతుంది, మన వేళ్ల నేర్పు కంటే జేబు బరువు ఎక్కువ పనిచేస్తుంది. ఆఖరి బాస్ డాక్టర్ ఫెసెండెన్‌ను మా షాపులో ఒంటి రూపాయితో చూసినవాడు లేడు. లైఫులు ఎన్ని, కష్టం ఎంత అన్నది ఓనరు మార్చుకోవచ్చని పెద్దయ్యాక తెలిసింది. మా ఓనరు ఆ సౌకర్యాన్ని బాగానే వాడుకుని ఉంటాడు. ఈ ఆట బోర్డులో క్యాప్‌కామ్ క్యూసౌండ్ అనే శబ్ద పద్ధతి పెట్టింది, శబ్దం చుట్టుపక్కల నుంచి వస్తున్నట్టు అనిపించాలని. మా పెట్టెకున్నది ఒకటే స్పీకరు, అదీ చిరిగింది. కాబట్టి ఆ సంగతి మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

ఇంత పనితనమున్న ఆట ఇళ్లలోకి రాలేదు. ఫైనల్ ఫైట్ లాంటి తోటి ఆటలు ఇంటి కన్సోళ్లకు ఎక్కాయి, ఇది ఎక్కలేదు. 1994లో ఇదే పేరుతో సెగా సీడీకి వచ్చింది వేరే కంపెనీ చేసిన వేరే ఆట. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని ఒక కట్టగా కట్టి అమ్మింది, అందులోనూ ముస్తఫా లేడు. కథ ఒకరిది, కారు పేరు మరొకరిది, ఆట ఇంకొకరిది. ఉమ్మడి ఆస్తి గతి మనకు తెలియంది కాదు. అందుకే దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది నిలబడి ఆడినవాళ్లే.

ఒకప్పుడు గేమ్ షాపు నడిపినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అటక మీద ఆ బోర్డు ఇంకా ఉంటే ఒకసారి దించి చూడండి. అసలు బోర్డయితే శబ్దం నడిపే చిప్పుకు ఒక తాళం ఉంటుంది, ఆ తాళాన్ని నిలబెట్టేది చిన్న బ్యాటరీ. అది అయిపోతే తాళంచెవి పోతుంది. మీ చేత్తో ఊడదీయకండి, తెలిసినవాళ్లకు చూపించండి. మీది నకిలీ బోర్డయితే ఆ బెంగ లేదు. దానికి తాళమే ఉండదు.